స్టైల్ మారే రోజు

రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్‌కు షిప్‌మెంట్ రోజే గండం అనుకుంటారు బయటివాళ్లు. ఆ రోజు నిజానికి సులువు. అందరిదీ ఒకటే తొందర, చెప్పకుండానే చేతులు కదులుతాయి. అసలు గండం స్టైల్ మారే రోజు. వారాల తరబడి టీషర్టుకు మెడపట్టీ వేసి చేయి తిరిగిన ఆపరేటర్ ముందు తెల్లారేసరికి పిల్లల జాకెట్ వచ్చి పడుతుంది. నిన్న గంటకు ఎనభై పీసులు దాటించిన మనిషి ఇవాళ ముప్పై దగ్గర తడబడుతుంది. టార్గెట్ దాటితే వచ్చే ఇన్సెంటివ్ పోతుంది, వెనక నుంచి ఆల్టర్లు తిరిగొస్తాయి. ఆ వారంలోనే బస్సులో సీట్లు ఖాళీ అవుతాయి.

నేను పనిచేసేది కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో. గీసుగొండ, సంగెం మండలాల మధ్య ఈ పార్కుకు 2017 అక్టోబర్ 22న శంకుస్థాపన జరిగింది. అంతకుముందు మా పత్తి బేళ్లుగా ఎటో పోయేది, మా మగ్గాలవాళ్లు సూరత్, భివండి, షోలాపూర్ పోయేవాళ్లు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. ఆ మిల్లును చూసిన పెద్దలు మమ్మల్ని ఇప్పటికీ దెప్పుతారు: "మిల్లులో పని దొరికితే పట్టుకొని వేలాడేటోళ్లం, ఈ పిల్లలు మూడు నెలలకే మానేస్తున్నరు."

నేనీ మాట ఒప్పుకోను. మిల్లు కార్మికుడికి మిల్లు చుట్టూనే బతుకు. మా ఆపరేటర్ ఊళ్లోనే ఉంటుంది, పొద్దున బస్సెక్కి వచ్చి రాత్రికి ఇంటికి పోతుంది. ఆమె మా జీతాన్ని ఇంకో ఫ్యాక్టరీ జీతంతో పోల్చదు, పక్క చేనుతో పోలుస్తుంది. అక్టోబర్ దాటితే పత్తి ఏరుడు మొదలు. కిలోకింత అని లెక్కగట్టి పైసలు చేతిలో పెడతారు. అది కాగానే మిర్చి కోతలు. మా దగ్గరేమో నెల తిరిగితే గానీ ఖాతాలో పడవు, పడ్డా పీఎఫ్, ఈఎస్ఐ కోతలు పోనూ. అందుకే కొత్తగా చేరినవాళ్లకు మిషన్ కంటే ముందు జీతం స్లిప్పు చూపిస్తాను. పీఎఫ్ కింద వాళ్ల దగ్గర పోయే 12 శాతానికి కంపెనీ కూడా అంతే కలపాలి. ఈఎస్ఐకి వాళ్లది 0.75 శాతం, కంపెనీది 3.25. చెబితే తలూపుతారు, నమ్మరు. లైన్లో ఒకమ్మాయికి కాన్పు సెలవులో ఈఎస్ఐ నుంచి 26 వారాల డబ్బులు వచ్చినప్పుడు మాత్రం అందరూ నమ్మారు.

స్టైల్ సంగతికి వస్తాను. టార్గెట్ ఎట్లా వస్తుందో మా ఆపరేటర్లకు చాలాకాలం ఎవరూ చెప్పలేదు. ఇంజినీర్ వాచీ పట్టుకొని వెనక నిలబడతాడు, మర్నాడు బోర్డు మీద అంకె ఎక్కుతుంది. లెక్క పెద్దదేం కాదు. ఒక కుట్టుకు అర నిమిషం పడితే 480 నిమిషాల షిఫ్టులో 960 రావాలి, అందులో అరవై శాతం అడిగితే 576. ఇది బోర్డు మీద వేసి చూపిస్తే ఒకామె అన్నది: "గా అర నిమిషం ఎవలు కుట్టిన్రక్కా? గా వాచీ సార్‌నే ఒక్కసారి కూసోమను."

కూర్చోబెట్టాం. ఆ అబ్బాయి మంచివాడు, నవ్వుతూనే కూర్చున్నాడు. కుట్టు సంగతి అటుంచితే, బండిల్ కోసం ప్రతిసారీ నడుం తిప్పి వెనక్కి వంగాలని అతనికి అప్పుడు తెలిసింది. స్టాండు ఎడమపక్కకు జరిపించాడు.

అప్పటినుంచి స్టైల్ మారడానికి ముందురోజే భోజనాలయ్యాక శాంపిల్ పీసు లైన్ మధ్యలో పెడతాను. ఎవరికి ఏ ఆపరేషన్ కావాలి, ఎక్కడ జామ్ అవుతుంది అని అడుగుతాను. జేబు ముందే వేస్తే జిప్పు దగ్గర బట్ట ముడుచుకుంటుందని చెప్పింది ఆపరేటరే, మాస్టర్ కాదు.

ఇది నా తెలివి అనుకునేదాన్ని. అమెరికాలో వర్జీనియాలోని హార్వుడ్ అనే పైజామాల ఫ్యాక్టరీలో ఇదే పని ఎప్పుడో చేసి చూశారట. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ 1948లో ఆ ఫలితాలు అచ్చువేశారు. అక్కడా చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లే, పీసు లెక్క కూలే. పని మారిందని ఆర్డర్ మాత్రం ఇచ్చిన గుంపులో ఉత్పత్తి పడిపోయి, మొదటి నలభై రోజుల్లో 17 శాతం మంది మానేశారు. ముందుగా కూర్చోబెట్టి మాట్లాడిన గుంపుల్లో ఒక్కరూ మానలేదు. మా ఊళ్లో పుట్టిన కథలాగే ఉంది.

కోటు వేసుకొని వచ్చి మోటివేషన్ క్లాసు చెప్పే సార్ల మీద నాకు అంత గురి లేదు. నెలకో మంచి ఉద్యోగి ఫోటో, పుట్టినరోజు కేకు, ఇవన్నీ ఉంటే ఉండనీ. కానీ ఇదివరకు నేను పనిచేసిన ఒకచోట లైన్ మొత్తానికి బాత్రూంకు పోవడానికి ఒకటే టోకెన్ ఉండేది. అది గోడకు వేలాడినంతకాలం పక్కనున్న ఫోటోను ఎవరు చూస్తారు?

మేడారం జాతర సెలవుల దగ్గర కూడా లైన్‌ను అడగడమే పనిచేసింది. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మల దగ్గరికి ఓరుగల్లు మొత్తం కదులుతుంది, సెలవు లేదంటే ఆగుతారా! ప్లానింగ్‌వాళ్లకు ముందే చెప్పి, ఏ రోజు ఎవరు పోవాలో లైన్‌నే తేల్చుకోమన్నాం. వాదించుకున్నారు, ఇద్దరు అలిగారు, అయినా లైన్ నడిచింది.

అడగడం ఒక్కటే చాలదు. కొత్త స్టైల్ నేర్చుకునే రోజుల్లో పోయే ఇన్సెంటివ్ డబ్బే. ఆ రోజులకు పాత సగటు కట్టివ్వమని మేనేజ్‌మెంట్‌ను అడిగితే మూడు రోజులకు ఒప్పుకున్నారు. జాకెట్‌కు ఆరు రోజులు కావాలంటున్నారు మావాళ్లు. వాళ్లు చెప్పేదే సరైన లెక్క. వచ్చే మీటింగ్‌కు రోజువారీ పీసుల పట్టీ పట్టుకొని పోతున్నాను. ఇద్దరు ఆపరేటర్లను కూడా వెంట తీసుకుపోతున్నాను.