బోల్టు కాడ ఆగిపోయిన ఎండ

పినాకిని ఎక్స్‌ప్రెస్ గూడూరు జంక్షన్‌లో దించేసరికి పది దాటింది. షేర్ ఆటోలో నా పక్క సీటు ఒక నిమ్మకాయల బస్తాది. దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్న రైతు సైదాపురం వైపు నుంచి వస్తున్నాడట. ఇక్కడి మార్కెట్లో పాట అయ్యాక ఈ కాయలు ఢిల్లీ దాకా పోతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టి గూడూరును తిరుపతిలో కలిపారు గానీ, ఏ జిల్లా అని అడిగితే ఆయన ఆలోచించకుండా "నెల్లూరే" అన్నాడు.

నేను వెళ్లింది హైవే పక్కన ఉన్న ఒక ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డుకు. చెన్నై, కలకత్తా మధ్య తిరిగే లారీలకు సెల్ఫ్ మోటార్లు, డైనమోలు బాగుచేసే చోటు. ఈ మధ్య లారీ క్యాబిన్ల మీద, టిఫిన్ బండ్ల మీద, చెరువుల కాడ కాపలా గుడిసెల మీద సోలార్ ప్లేట్లు బిగించే పని కూడా వస్తోందని ఒక మిత్రుడు చెబితే చూద్దామని పోయాను. ఇల్లు కదలకుండా ఉంటే సోలార్ పెట్టడం తేలిక. ఇల్లే చక్రాల మీద తిరుగుతుంటే ఏమవుతుందో తెలుసుకోవాలని నా కుతూహలం.

నా అదృష్టం కొద్దీ షెడ్డు ముందు అలాంటి ఇల్లే ఒకటి నిలబడి ఉంది. ట్రాక్టరు ట్రాలీ మీద యాంగిల్ ఇనుముతో కట్టి రేకులు కొట్టిన గది. లోపల ఒక మంచం, గ్యాసు పొయ్యి, రెండు చిన్న ఫ్యాన్లు. వెనక తలుపుకు వలలు, గుడ్ల అట్టలు వేలాడుతున్నాయి. అది బాతులు మేపేవాళ్ల ట్రాలీ. వరి కోత అయిన మళ్లలో రాలిన గింజలు, నత్తలు, పురుగులు తింటూ బాతుల మంద ఊరి నుంచి ఊరికి సాగుతుంది. మంద వెనకే ఇల్లూ కదులుతుంది. ఫిబ్రవరి చివర కోతలు మొదలయ్యాయంటే ఇక వీళ్లకు ఒకచోట పది రోజులు నిలకడ ఉండదు. అమెరికాలో సెలవులకు కారు వెనక కట్టుకుని తిరిగే ట్రెయిలర్ ఇళ్ల గురించి మనం చదువుతుంటాం. కేరళ 2021లో కారవాన్ పర్యాటకం అంటూ ఒక విధానమే తెచ్చింది. ఈ ట్రాలీలో కాపురం ఉండేవాళ్లకు మాత్రం ఇది విహారం కాదు, బతుకుతెరువు.

కరెంటు దేనికని అడిగితే ట్రాలీ ముసలాయన నవ్వాడు. "నక్కలకి సార్. రాత్రిపూట వల చుట్టూ లైటు లేకుంటే తెల్లారేసరికి పది బాతులు పోతాయి." ఆయన భార్య లోపలి నుంచి అందుకుంది. "దోమల మాట చెప్పవే? నీళ్ల పక్కన పడుకోవాలంటే ఫ్యాను ఉండాల్సిందే. మూడు గంటలకల్లా ఫ్యాను నీరసపడతా ఉండాది. ముందు గుయ్యిమని తిరిగిద్ది, తరవాత ఒక్కో రెక్కా కనబడతాది." షెడ్డు మేస్త్రి నా వైపు తిరిగి, "ఇంతకన్నా బాగా ఏ మీటరూ చెప్పదు సార్" అన్నాడు.

మేస్త్రికి యాభై దాటాయి. చదువు పదో తరగతి. కుర్రప్పుడు సినిమా హాళ్లలో, పెళ్లి పందిళ్లలో ఆంప్లిఫయర్లు బాగుచేసేవాడట. బల్ల సొరుగులోంచి ఒక రేకు డబ్బా తీసి చూపించాడు. అందులో పల్చని అభ్రకం రేకులు ఉన్నాయి. గూడూరు చుట్టూ మైకా గనుల సీమ కదా. పిల్లలు కాకిబంగారమని ఏరుకుని ఆడుకునేది ఇదే. వేడిని కొంత పోనిస్తుంది, కరెంటును మాత్రం పోనివ్వదు. పాత ఆంప్లిఫయర్లలో పెద్ద ట్రాన్సిస్టర్ కింద ఈ రేకే పెట్టి బిగించేవాళ్లు. "కరెంటు యాడ పోవాలో తెలిస్తే సగం పనే సార్. యాడ పోకూడదో తెలిస్తే పని అయిపోయినట్టే" అని డబ్బా మూసేశాడు.

ట్రాలీకి ముందొక వైద్యం అయిపోయింది. మొదట్లో ఎవరో 330 వాట్ల ప్లేటు పెట్టి, దానికి చవక రకం కంట్రోలర్ తగిలించారు. ఆ ప్లేటు పనిచేసే వోల్టేజి 38 దాకా ఉంటుంది, బ్యాటరీదేమో 12. చవక కంట్రోలర్ ఆ రెంటినీ నేరుగా కలిపేస్తుంది. ఆంపియర్లు ఎన్ని వస్తే అన్నే లోపలికి పోతాయి, మిగిలిన వోల్టేజి గాలికి పోతుంది. కొన్నది 330 వాట్లయితే బ్యాటరీకి అందేది 120కి అటూ ఇటూ. ఎంపీపీటీ అనే రెండో రకం కంట్రోలర్ ఎక్కువ వోల్టేజిని తగ్గించి ఆ మేరకు ఆంపియర్లు పెంచి ఇస్తుంది. ఖరీదూ ఎక్కువే. ఇంతకుముందు ఒకసారి మేస్త్రి పాత తీగలకే దాన్ని బిగించాడు. అయినా మూడు గంటలకు ఫ్యాను నీరసపడుతూనే ఉంది. అందుకే ఇవాళ బండి మళ్లీ ఇక్కడికి వచ్చింది.

లెక్క చూస్తే నీరసపడాల్సిన పని లేదు. కాగితం మీద మేస్త్రి వేసి చూపించాడు. నాలుగు తొమ్మిది వాట్ల బల్బులు పది గంటలకు 360. రెండు పాతిక వాట్ల ఫ్యాన్లు ఎనిమిది గంటలకు 400. సెల్‌ఫోన్లకూ టార్చి లైట్లకూ 60. మొత్తం 820 వాట్ అవర్లు. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలో ఉండేవి 1,800. లెడ్ బ్యాటరీని సగానికి మించి దించితే ఆయుష్షు తరుగుతుంది కాబట్టి వాడుకోదగ్గవి 900. గీసి గీసి సరిపోతుంది, సాయంత్రానికి బ్యాటరీ నిండితేనే.

నిండటం లేదన్నది అక్కడే తేలిపోయింది. ఎందుకు నిండటం లేదో పట్టుకోవడానికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది.

మేస్త్రి తొందరపడి దేన్నీ విప్పలేదు. ముందు నిచ్చెనేసుకుని పైకెక్కాడు. ప్లేటు మీద ఒక తువ్వాలు ఆరేసి ఉంది. కింద ముసలమ్మ నాలిక కరుచుకుంది. ఎండలో పెట్టినదేదైనా బట్టలారేసుకోవడానికే అనుకుంటాం కదా మనం. ఆ ప్లేటులో 72 గళ్లు వరసగా దండ గుచ్చినట్టు ఉంటాయి. ఒక్క గడి మీద నీడ పడినా దండంతా ఆగిపోకుండా మూడు డయోడ్లు పెడతారు. ఒక్కో డయోడు 24 గళ్లకు కాపలా. అంటే తువ్వాలు కప్పింది జానెడు మేరే అయినా పోయేది మూడో వంతు. తువ్వాలు తీశాక చూస్తే ఒక మూల కొంగల రెట్ట గట్టిపడి ఉంది. షెడ్డులో పనిచేసే కుర్రాడు తడిగుడ్డతో తుడిచాడు. ప్లేటుకూ రేకుకూ మధ్య నాలుగు అంగుళాల సందు ఉందో లేదో మేస్త్రి వేళ్లతో కొలిచాడు. మేలో గడి వేడి 65 డిగ్రీలకు పోతుంది. 25 డిగ్రీల దగ్గర వేసిన లెక్క మీద ప్రతి డిగ్రీకీ వాట్లు నూటికి పావలా నుంచి అర్ధ దాకా తగ్గుతూ పోతాయి. కిందనుంచి గాలి ఆడకపోతే ఇంకా నష్టం. పడమటికో తూర్పుకో వాల్చాలా అని నేనడిగితే, "మన ఊరు పద్నాలుగో డిగ్రీ మీద ఉండాది సార్. దక్షిణానికి పద్నాలుగు డిగ్రీలు వాలిస్తే మంచిదే. రోజుకో చోట తిరిగే బండికి పడుకోబెట్టిందే మేలు. పోయేది కొంచెమే" అన్నాడు.

కిందికి దిగి మీటరు తీశాడు. ఇక్కడి నుంచి నాకు అసలు కథ మొదలైంది. ప్లేటు వైరు ఊడదీసి పెడితే 44 వోల్టులు. ప్లేటుకు ఏ జబ్బూ లేదు. కలిపాక కంట్రోలర్ బ్యాటరీ వైపు టెర్మినల్స్ మీద 14.4. తెర మీద 16 ఆంపియర్లు. అప్పుడు ట్రాలీ ముందుకొచ్చి బ్యాటరీ బుడిపెల మీదే నేరుగా పెట్టాడు. 13.1.

"చూశారా" అన్నాడు. నాకు అర్థం కాలేదు.

నెల్లూరు రైతుకు చెప్పినట్టు చెప్పాడు. కాలువ తలలో నీళ్లు నిండుగా ఉన్నాయని తూము దించేశాడట లస్కరు. చివరి మళ్లో చూస్తే నెర్రెలు. కంట్రోలర్ తన కాళ్ల దగ్గర 14.4 చూసి బ్యాటరీ నిండే దశకు వచ్చిందనుకుని ఆంపియర్లు తగ్గించుకుంటూ పోతోంది. బ్యాటరీకేమో ఇంకా ఆకలి తీరలేదు. దారిలో 1.3 వోల్టులు ఎవరో తాగేస్తున్నారు. కాలువ చివరి ఆయకట్టు గోడు తెలిసినవాడికి ఇది వెంటనే తలకెక్కుతుంది. ముసలాయన అయితే నాకంటే ముందే తల ఊపాడు.

ఇక దొంగను వెతకడం. కంట్రోలర్ ప్లస్సు మీద ఒక పిన్ను, బ్యాటరీ ప్లస్సు మీద ఇంకో పిన్ను. 0.25. ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఐదు మీటర్లు. పదహారు ఆంపియర్లకు ఆ మాత్రం పోతుంది. మైనస్సు నుంచి మైనస్సుకు పెట్టాడు. 1.05. కుర్రాడు ఈల వేశాడు.

మైనస్సుకు అసలు తీగే లేదు. లారీల్లో అలవాటుగా చేసినట్టు బాడీ ఎర్త్ ఇచ్చారు. కంట్రోలర్ నుంచి మూరెడు తీగ ట్రాలీ ఫ్రేముకు, అక్కడి నుంచి ఇనుమే దారి, ముందు భాగంలో ఇంకో బోల్టు నుంచి బ్యాటరీకి. వెనక బోల్టు దగ్గరికి పోయి మేస్త్రి వేలు ఆనించి చటుక్కున తీసేశాడు. నేనూ ముట్టుకున్నాను. కాలింది. ఒక వోల్టు, పదహారు ఆంపియర్లు, పదిహేడు వాట్ల దాకా వేడి. చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ ఇల్లు ఎండను పట్టి తెచ్చి ఒక బోల్టును కాచుకుంటోంది.

విప్పితే లోపల పెయింటు అలాగే ఉంది. దాని మీద తుప్పు, తుప్పు మీద తెల్లగా ఉప్పు పొర. "పోయిన రెండు నెలలూ యాడున్నారు?" అని అడిగాడు మేస్త్రి. వాకాడు దాటి దుగ్గరాజపట్నం పక్కనట. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ఓడల సరుకు దించి కోట కట్టుకున్న ఆర్ముగం తీరం అదే. సముద్రపు గాలి వాళ్ల ఫిరంగులనూ ఇలాగే తినే ఉంటుంది.

బోల్టును గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగిస్తే సరిపోతుందని నేననుకున్నాను. మేస్త్రి ఒప్పుకోలేదు. "ఇయాళ బాగుంటాది. రెండు నెలలకి మళ్లీ ఇదే బోల్టు, మళ్లీ ఇదే ఎండ." కంట్రోలర్‌నే వెనక గోడ మీంచి ఊడదీసి ముందుకు, బ్యాటరీకి మూరెడు దూరంలోకి తెచ్చాడు. ప్లేటు నుంచి వచ్చే తీగ పొడవైంది గదా అన్నాను. అటువైపు 38 వోల్టులు, ఏడెనిమిది ఆంపియర్లే. ఆంపియర్లు తక్కువైతే దారి పొడవైనా నష్టం తక్కువ. ఎక్కువ ఆంపియర్లు పోయే దారినే పొట్టిగా, లావుగా ఉంచాలి. పది చదరపు మిల్లీమీటర్ల తీగ ఎరుపొకటి, నలుపొకటి. కొసలకు లగ్గులు పెట్టి సాధనంతో నొక్కి, పైన తొడుగు వేసి వేడిచేసి ముడిచాడు. బ్యాటరీ ప్లస్సుకు జానెడు దూరంలో ఫ్యూజు. అది లేకుండా ఇచ్చిన పాత మేస్త్రిని రెండు మాటలన్నాడు, అవి ఇక్కడ రాయను. బుడిపెలకు వాసెలీన్ పూశాడు. ముందు బ్యాటరీ కలిపి, ఆ తర్వాతే ప్లేటు కలిపాడు. బ్యాటరీ లేకుండా ప్లేటు కలిపితే కొన్ని కంట్రోలర్లు ఎదురుగా ఉన్నది 12 వోల్టులో 24 వోల్టులో పోల్చుకోలేక తికమక పడతాయి.

మళ్లీ మీటరు. కంట్రోలర్ దగ్గర 13.3. బ్యాటరీ దగ్గర 13.2. ఆంపియర్లు పందొమ్మిది. కుర్రాడు హారన్ కొట్టాడు.

డబ్బుల దగ్గర కాస్త బేరం నడిచింది. ఇళ్ల మీద పెట్టుకునేవాళ్లకు 2024 ఫిబ్రవరిలో వచ్చిన సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. దానికి కరెంటు కనెక్షన్, సొంత పైకప్పు ఉండాలి. మీటరు లేని ఇల్లు, రేపు ఏ ఊళ్లో ఉంటుందో తెలియని ఇల్లు ఆ దరఖాస్తులో ఏ గడిలోనూ ఇమడదు. కరెంటు స్తంభం ఎన్నడూ చేరని ఇంటికే సబ్సిడీ కూడా చేరకపోవడం నాకు వింతగా తోచింది. ముసలాయనకు తోచలేదు. తీగల డబ్బులు చేతిలో పెట్టి, కూలీ కింద రెండు అట్టల బాతుగుడ్లు దించాడు. మేస్త్రి ఒక అట్ట వెనక్కిచ్చాడు. అందులోంచి ఆరు నా సంచిలోకి వచ్చాయి.

మర్నాడు పొద్దున మేస్త్రికి ఫోన్ చేశాను. ముసలమ్మ అప్పటికే చేసిందట. ఆమె మాటల్లోనే చెప్పాడు: "మూడుకి లేచి చూశా అబ్బయ్యా. తిరగతానే ఉండాది. చలేసి నేనే ఆపేశా."