అరిష్టనేమి

యతిప్రాసల గురించీ అర్ధానుస్వారం గురించీ రాసుకునే ఈ పుటలో మోటారుసైకిలు చక్రాల ప్రస్తావన చూసి కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. ముప్పయ్యేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాణ్ణి, నాకు వాటితో పని పడుతుందని నేనూ అనుకోలేదు. ఆ పని కల్పించినవాడు మా మేనల్లుడు.

వాడికి చెన్నైలో ఉద్యోగం. వాడి దగ్గరున్నది కేటీఎం ఆర్సీ 390. పండక్కి వింజమూరు రావాలంటే బస్సెక్కడు, దాని మీదే వస్తాడు. నిరుడు ఎక్కడో చవకగా దొరికాయని, పేరూ ఊరూ లేని తేలిక చక్రాలు కొని తగిలించుకున్నాడు. ఆత్మకూరు దాటి మా ఊరివైపు వస్తుండగా చీకట్లో ముందుచక్రం గుంతలో పడింది. అంచు జానెడు మేర పగిలి, ట్యూబులేని టైరు గనుక గాలంతా ఒక్కసారిగా పోయింది. భుజం దగ్గర ఎముక విరిగి, ప్రాణం దక్కింది. ఆ బండి అమ్మేదాకా అన్నం ముట్టనని మా చెల్లెలు భీష్మించింది. మూడోపూటకు ముట్టిందనుకోండి, కోపం మాత్రం తగ్గలేదు. వాడేమో ఈసారి మంచివి చూసి మళ్ళీ తేలిక చక్రాలే వేయిస్తానంటాడు. "అన్నా, నా మాట వాడి చెవికెక్కదు, నువ్వే ఏదో ఒకటి తేల్చు" అని తగవు నా నెత్తిన పెట్టింది.

పండితుడు ఏ తగవునైనా నిఘంటువుతోనే మొదలుపెడతాడు. అమరకోశంలో చక్రానికి రథాంగమని పేరు. దాని అంచు నేమి, నడిమి భాగం నాభి. ఆ రెంటినీ కలిపే అరములను మనం బండి ఆకులంటాం. వేదకాలపు పేర్లలో 'అరిష్టనేమి' అని ఒకటుంది. చెక్కుచెదరని నేమి గలవాడని దాని అర్థం. ఒక మనిషిని పొగడడానికి అతని చక్రపు అంచు పగలదని చెప్పుకున్నారంటే, ఆనాటి వాళ్ళకూ దారిలో గుంతలుండేవన్నమాట!

అసలు బరువు తగ్గితే ఒరిగేదేమిటని వాణ్ణి నిలదీశాను. వాడు జవాబు చెప్పకుండా నా పాత సైకిలు ముందుచక్రం ఊడదీసి, ఇరుసు రెండు కొసలూ నా చేతికిచ్చి, చక్రాన్ని గట్టిగా తిప్పి, "ఇప్పుడు పక్కకు వంచండి మామా" అన్నాడు. వంచబోతే అది వంగనని మొండికేసింది, నా మణికట్లను మరోవైపుకు లాగింది. ఆర్సీ 390 ముందుచక్రం గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 15 చుట్లు తిరుగుతుందట. అంచున బరువు తగ్గితే ఆ మొండితనం తగ్గుతుంది, మలుపులో బండి చెప్పినమాట వింటుంది. పైగా అంచున ఉన్న కిలో బరువు ముందుకూ సాగాలి, గుండ్రంగానూ తిరగాలి. అందువల్ల వేగం పుంజుకునేటప్పుడు అది దాదాపు రెండు కిలోల పెట్టు. షాకబ్జార్బరు కింద వేలాడే బరువు కూడా తగ్గుతుంది గనుక చక్రం రోడ్డును వదలకుండా అంటిపెట్టుకుంటుంది. వాడిది వట్టి షోకు కాదని ఒప్పుకున్నాను.

కాని తేలికదనం ఎలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న. నా చిన్నతనంలో కొలిమి దగ్గర కూర్చుని విన్న మాట ఒకటుంది: పోత ఇనుము పగులుతుంది, కొట్టిన ఇనుము వంగుతుంది. అల్యూమినియానికీ కొంతవరకు అదే వర్తిస్తుంది. కంపెనీ బండ్లకు వచ్చేవి చాలావరకు పోత చక్రాలు. పోతలో సన్నని గాలిబుడగలు మిగిలే ప్రమాదం ఉంది గనుక, మందం కాస్త ఎక్కువ పెట్టి బలం తెస్తారు. వాటి బరువుకు కారణం అదే. వేడిచేసిన దిమ్మను పెద్ద ఒత్తిడితో నొక్కి, తరువాత చెక్కి చేసే చక్రంలో లోహం గట్టిపడుతుంది, కాబట్టి పలుచగా చేసినా నిలుస్తుంది. ఇటలీవారి మార్కెసినీ, ఓజెడ్ వంటివి ఈ తరగతి. మెగ్నీషియం ఇంకా తేలిక. అల్యూమినియం సాంద్రత 2.7 అయితే దానిది 1.74. అయితే తడికి త్వరగా తినేస్తుంది, పైపూత గీసుకుపోకుండా కనిపెట్టుకుని ఉండాలి. దక్షిణాఫ్రికా బీఎస్‌టీ వారివి కార్బన్ నారతో చేసినవి. అంతకన్నా ముచ్చటైనవి లేవంటాడు మావాడు, వాటి ధర వింటే నాకు పింఛను లెక్క గుర్తొచ్చింది. ఇక వాడు కొని పగలగొట్టుకున్నవి పోతలోనే మందం తగ్గించినవి. తేలిక వచ్చింది, బలం పోయింది.

కొలతల సంగతి కూడా వాడి చేతనే కాగితం మీద రాయించాను. టైరుకు తగిన అంచు వెడల్పు, ఇరుసు లావు, బేరింగులు, బ్రేకు డిస్కు మరల మధ్య దూరం, వెనుక స్ప్రాకెట్టు కూర్చునే రబ్బరు దిమ్మలు, ఏబీఎస్ పళ్ళ వలయం, మోయగల బరువు ముద్ర. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ చక్రం గోడకు తగిలించుకోవడానికే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిలో మార్పుల గురించి ఏమంటుందో చదివి, బీమావారిని కూడా ముందే అడగమన్నాను.

నా తీర్పు ఇది. వింజమూరు దారికి కంపెనీ చక్రాలే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 1990 నుంచీ పందేల బాట ఉంది. అక్కడ తిప్పుకోవడానికైతే, సొంత డబ్బు కూడినప్పుడు, నొక్కి చేసిన అల్యూమినియం జత ఒకటి కొనుక్కోవచ్చు. చెల్లెలికి సగం నచ్చింది, వాడికి మిగతా సగం నచ్చింది. "సగం డబ్బు మీరు సర్దకూడదా మామా?" అన్నాడు. వినబడనట్టు ఊరుకున్నాను.

సంక్రాంతికి బండి మీదే వచ్చాడు, పాత చక్రాలతో, పొద్దు ఉండగానే. వాళ్ళమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చేలోగా నేను అరుగు దిగి, టార్చి పట్టుకుని, ముందుచక్రం అంచు చుట్టూ వేలితో తడిమి చూశాను.