రథాలు తిరగని స్టేడియం

రథాల పందెం అనగానే మనలో సగం మందికి భల్లాలదేవుడి రథం, మిగతా సగానికి బెన్‌హర్ సినిమా గుర్తొస్తాయి. అసలు ఆ పందేలకు పేరుపడ్డ చోటు రోమ్‌లోని సర్కస్ మాక్సిమస్. పొడవు దాదాపు 600 మీటర్లు. లక్షన్నర మంది దాకా కూర్చునేవాళ్లని అంచనా. పన్నెండు గేట్లలోంచి రథాలు ఒకేసారి దూసుకొచ్చి, నడిమి గోడ చుట్టూ ఏడు చుట్లు తిరిగేవి.

మరి మన దగ్గర అంత పాత స్టేడియం లేదా? ఉంది. నాగార్జునకొండలో.

క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. నాలుగు వైపులా మెట్లు, మధ్యలో నలుచదరపు బరి. బరి కొలత సుమారు 16.5 మీటర్లకు 13.7 మీటర్లు. అంటే బాస్కెట్‌బాల్ కోర్టులో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. అందులో రథం పందెం మాట అటుంచి, రథాన్ని మలపడమే కష్టం. గుర్రాలు తెలియనివాళ్లా అంటే కాదు, ఆ వంశం మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేశాడని శాసనాలే చెబుతున్నాయి. రోమన్ బంగారు నాణేలు కూడా ఆ లోయలో దొరికాయి. అయినా వీళ్లు కట్టుకున్నది చిన్న బరి. కుస్తీయో, పాటో, నాటకమో... ఏదైనా సరే, పై మెట్టు మీద కూర్చున్నవాడికీ బరిలో ఉన్న మనిషి మొహం కనబడుతుంది. నాకు అది నచ్చింది.

అయితే ఈ రోజు మనం చూసే స్టేడియం అది కట్టిన చోట లేదు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునగబోతోందని 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవాళ్లు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో హడావుడిగా తవ్వకాలు జరిపారు. దొరికిన శిల్పాలు కొండమీదికి చేరాయి, ఆ కొండే ఇప్పుడు నీళ్ల మధ్య దీవి. స్టేడియాన్ని ఒడ్డున అనుపులో మళ్లీ కట్టారు. లోయలోని ఊళ్లు మాత్రం ఖాళీ అయిపోయాయి.

రోమ్‌లో రాళ్లు చాలావరకు పోయాయి, చోటు మిగిలింది. ఇప్పుడదొక గడ్డి మైదానం. మన దగ్గర రూపం మిగిలింది, చోటు పోయింది.

ఇక్కడ "అయ్యో, డ్యామ్ కట్టకుండా ఉండాల్సింది" అని రాసేయడం తేలిక. మాది గుడిబండ. వెయ్యి అడుగులు బోరు వేసినా దుమ్మే వచ్చిన చేలు చూసి పెరిగినవాణ్ణి, ఆ మాట నా నోట రాదు. మా మడకశిర వైపుకి హంద్రీ-నీవా కాలువలో తేవాలనుకున్న నీళ్లూ కృష్ణవే, శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచినవే. ఆ డ్యామ్ కింద కూడా ఊళ్లు మునిగాయి. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. మా ఊరికి కాలువ అంటే ఇంకెవరిదో ఊరు నీళ్ల కిందికి పోయిందని అర్థం.

మన క్లాసులో రిజర్వాయర్ డిజైన్ చెప్పేటప్పుడు 'ముంపు ప్రాంతం' అన్నది ఒక హెక్టార్ల అంకె. లెక్క చేసి కింద గీత గీసేస్తాం. ఆ అంకె లోపల ఒక రాజధాని, విహారాలు, నిన్నటిదాకా పొయ్యి వెలిగిన ఇళ్లు ఉండొచ్చని నాకు తెలిసింది సిలబస్ వల్ల కాదు, ఈ చిన్న బరి వల్ల. డ్యామ్ కట్టాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. కడితే ఏం తీసి పెట్టాలి, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి అన్నది కూడా డిజైన్‌లో భాగమే కదా?

ఈసారి సాగర్ ట్రిప్ వేస్తే గేట్ల దగ్గర సెల్ఫీలతో ఆగిపోకండి. అనుపు దాకా వెళ్లి ఆ మెట్ల మీద ఒక పావుగంట కూర్చోండి. తర్వాత నీళ్ల వైపు చూడండి. అసలు స్టేడియం అటు ఉంది.