జోడ్‌భావి నుంచి జునీ మిల్లు దాకా

దీపావళి సెలవులకు వచ్చిన మనవరాలు ఒక పొద్దున పుస్తకం పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. పుణేలో వకీలు చదువు చదువుతున్నది. "తాతా, ఇందులో సోలాపూర్ మిల్లు కేసు అని ఉన్నది. మన జునీ మిల్లేనా?" అని అడిగింది. "అవును బిడ్డా, మా నాయన పనిచేసిన మిల్లే" అన్నాను. నాది నాలుగో తరగతి చదువు. ఆమె చదివి చెప్తుంటే విన్నాను. "నడువు, ఆ జాగా చూసొద్దాం" అని ఇద్దరం బయలుదేరినాము.

మా జోడ్‌భావి పేట్‌లో పొద్దున లేస్తే సాంచాల చప్పుడే. టవాళ్ళ గట్టాలు మోసే బండ్లు ఒక పక్క, గడపలో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టే ఆడోళ్ళు ఒక పక్క. కన్నా చౌక్ దాటి, నవీ పేట్ మీదుగా మురార్జీ పేట్‌కు నడిచినాము. ముసలి కాళ్ళకు ముప్పావు గంట పట్టింది. మా నాయన మాత్రం భోంగా మోగే లోపల చేరుకునేవాడట. ఆలస్యమైతే గేటు మూసేవాళ్ళు, ఆ పూట పగారు పోయేది.

ఇప్పుడక్కడ ఇళ్ళు, దుకాణాలు ఉన్నాయి. జునీ మిల్ కంపౌండ్ అనే పేరు మిగిలింది. ఒక చెట్టు కింద కూచొని నాకు తెలిసింది నేను, పుస్తకంలో ఉన్నది ఆమె చెప్పుకున్నాము.

అసలు పేరు సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ. 1949 ఆగస్టు 27న మూతపడింది. ఆ ఆకలి రోజుల మాట మా అమ్మ చెప్పేది. జొన్న గటక తాగి, ఇంట్లో ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే అమ్ముకున్నారట. ఊర్లో వేల కుటుంబాలు రోడ్డున పడినాయి.

అప్పుడు ఢిల్లీ సర్కారు చూస్తూ ఊరుకోలేదు. 1950 జనవరి 9న ఈ ఒక్క మిల్లు కోసమే ఆర్డినెన్సు తెచ్చింది. అంటే రాజ్యాంగం అమలుకు వచ్చే 17 రోజుల ముందు. పాత డైరెక్టర్లను తీసేసి తన మనుషులను కూచోబెట్టింది. మిల్లు నడిపిన తీరు బాగాలేదని, జనానికి కావలసిన బట్ట ఉత్పత్తి దెబ్బతిన్నదని, పెద్ద నిరుద్యోగం వచ్చిందని చట్టంలోనే రాసినారు. మన ఊరి ఆకలి చట్టానికి ఎక్కింది చూడండి.

షేర్లు ఉన్నవాళ్ళు ఊరుకోలేదు. ఒకాయన సుప్రీంకోర్టుకు పోయినాడు. 1950 డిసెంబరులో ఐదుగురు జడ్జిల్లో ముగ్గురు ఆయన అర్జీని కొట్టేసినారు. తర్వాత ఇంకో కేసు వచ్చింది. మిల్లులో 32,000 ప్రిఫరెన్స్ షేర్లు ఉండేవి. ఒక్కోటి వంద రూపాయలది, అందులో యాభయ్యే కట్టినారు. మిగిలిన యాభై కట్టమని సర్కారు డైరెక్టర్లు అడిగినారు. మొత్తం 16 లక్షలు. మా మిల్లు గుంజుకొని మమ్మల్నే పైసలు అడుగుతారా అని ఆ షేర్‌దారు కోర్టుకెక్కినాడు. నష్టపరిహారం ఇవ్వకుండా ఆస్తి తీసుకున్నట్టే అయిందని 1953 డిసెంబరులో ఆయన పక్షమే తీర్పు వచ్చింది. ఇలాంటి తీర్పుల వల్లనే 1955లో రాజ్యాంగాన్ని నాలుగోసారి సవరించినారు. ఇంత జరిగినా 1960లలో మిల్లు మళ్ళీ మూతపడింది.

"మరి మీ మిల్లు మూసినప్పుడు సర్కారు ఏం చేసింది తాతా?" అని మనవరాలు అడిగింది.

మా కాలానికి చట్టాలు లేవని కాదు. పెద్ద కార్ఖానా మూయాలంటే ముందు సర్కారు అనుమతి తీసుకోవాలని 1976లోనే చట్టం వచ్చింది. 1986లో జౌళి కార్మికుల పునరావాస నిధి పెట్టినారు. ప్రైవేటు మిల్లు శాశ్వతంగా మూతపడితే, అందులో ఐదేళ్ళ నౌకరి ఉన్నవానికి మొదటి ఏడు పగారులో ముప్పావు, రెండో ఏడు సగం, మూడో ఏడు పావు ఇచ్చేవాళ్ళు. మూడేళ్ళలో ఇంకో దారి వెతుక్కోమని.

నేనూ అర్జీ పెట్టినాను. మిల్లు రికార్డులో మా ఇంటిపేరు ఒక తీరు, రేషన్ కార్డులో ఇంకో తీరు ఉండింది. మన తెలుగు పేర్లు మరాఠీలో రాసేటప్పుడు ఎన్ని వంకర్లు పోతాయో మీకు తెలియనిది కాదు. బదిలీగా చేసిన ఏండ్లకు కాయితమే లేదు. రెండేళ్ళు తిరిగి, చెప్పులరిగి, విడిచిపెట్టినాను. పవర్‌లూమ్‌లో చేరినాను. ఇల్లు నడిపింది నా భార్య చుట్టిన బీడీలు.

మా పెద్దక్క సంగతి వేరు. ఆమెకు బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉండింది. 2006లో కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ కాలనీలో పది వేల ఇళ్ళు ఇచ్చినప్పుడు ఆమెకూ ఒకటి వచ్చింది. మిల్లులో నాకు దొరకనిది, చాట ముందు కూచున్న అక్కకు చిన్న కార్డు మీద దొరికింది.

తిరిగి వస్తూ నేను మనవరాలికి ఒక్కటే చెప్పినాను. సర్కారు ఎంత పెద్ద చట్టం చేసినా అది హాజరీ పుస్తకంలో పేరున్నవాని దాకానే వస్తుంది. ఈ రోజు పవర్‌లూమ్‌లో పన్నెండు గంటలు నిలబడే మన పిల్లల్లో ఎంతమందికి కార్డుంది? ఎంతమందికి ప్రావిడెంట్ ఫండు నంబరుంది? నా కొడుక్కు లేదు. రేపు ఆ షెడ్డు మూస్తే, అక్కడ పనిచేసినాడని ఎవడు సాక్ష్యం చెప్తాడు?

అందుకే చదివేవాళ్ళకు నా మనవి. ఈ ఆదివారం ఇంట్లో పెట్టె తెరవండి. పగారు చీటీ, పాసు, కార్డు ఏది ఉన్నా తీసి, అన్నిట్లో పేరు ఒక్క తీరుగా ఉందా చూడండి. లేకపోతే ఇప్పుడే దిద్దించుకోండి. సేటు దగ్గర కార్డు అడగండి, ఒక్కరే పోవద్దు, పదిమంది కలిసి పోండి.

ఇంటికి వచ్చినాక మా నాయన మిల్లు పాసు తీసి మనవరాలికి చూపినాను. దాని మీద మా ఇంటిపేరు సరిగ్గానే ఉంది.