నేల యెవ్వరిది? అద్దె యెవ్వరిచ్చెదరు?

సొమ్ము కూడబెట్టుట కష్టము; కూడిన దానిని నిలుపుకొనుట అంతకంటెను కష్టము. పూర్వము మన యిండ్లలో మిగిలిన నాలుగు రూపాయలు బంగారముగనో, భూమిగనో మారుచుండెడివి. ఇప్పుడు మూడవ దారి యొకటి మన ముంగిటికి వచ్చినది. నగరములందలి కార్యాలయపు మేడలలో చిన్న భాగము కొనుడు, నెలనెలకు అద్దె మీ యింటికే వచ్చునని చెప్పు కరపత్రములు ఉట్నూరు వంటి అడవి ప్రాంతపు టూళ్లకును చేరుచున్నవి. సోదరీమణులారా! ఇది పురుషుల విషయమని మనము మిన్నకుండరాదు. ఏలయన, ఆ సొమ్ములో మన నగలు కలవు, మన బిడ్డల చదువు కలదు.

మా యూరు షెడ్యూల్డు ప్రాంతము. 1959వ సంవత్సరపు భూబదిలీ నిబంధన 1963లో తెలంగాణమునకును వర్తించెను. 1970లో దానిని సవరించి మరింత గట్టిపరచిరి. దానినే జనులు 1/70 చట్టమందురు. దీని వలన ఇచటి భూమిని గిరిజనులకు తప్ప ఇతరులకు బదిలీ చేయుట చెల్లదు. గోండుల భూములు, కొలాముల భూములు వడ్డీవ్యాపారుల చేతికిని, బయటినుండి వచ్చినవారి చేతికిని జారిపోయిన దుఃఖచరిత్ర నుండి ఈ కట్టుబాటు పుట్టినది. కావున మా వంటి ఉద్యోగుల కుటుంబము ఇచ్చట స్థలము కొనజాలదు. అందులకు మాకు విచారము లేదు. మేడను చూచుటకు ముందు దాని క్రింది నేల యెవ్వరిదని అడుగవలెనని ఈ యూరే మాకు నేర్పినది.

మా వారు ఉపాధ్యాయులు. మా పెద్దమ్మాయి పైచదువు కొరకు పదునాలుగేండ్లుగా కూర్చిన సొమ్ము పన్నెండు లక్షలు కలదు. గత సంవత్సరము మా వారికి తమ్ముని వరుసయగు బంధువొకరు వచ్చి, హైదరాబాదునకు పడమట కట్టబోవు మేడలో భాగము కొనుమనిరి. సొమ్ము కట్టిన మరుసటి నెల నుండియే అద్దె వచ్చునట. “వదినె! అమెరికాలో ధనవంతులందరును కార్యాలయపు మేడల మీదనే సొమ్ము పెట్టుదురు. మనమేల వెనుకబడవలె?” అని ఆయన మాట.

అమెరికా మాట వచ్చినది గనుక అచ్చటి సంగతియే మొదట చూతము. మా యాడుబిడ్డ డల్లాసు నగరమున ఉద్యోగము చేయుచున్నది. 2020వ సంవత్సరపు మహమ్మారి నాటి నుండి ఆమె పని అధికభాగము ఇంటి మేడగదిలోనే; వారమునకు రెండు దినములు మాత్రము కార్యాలయమునకు పోవును. ఇట్టివారు లక్షలకొలదిగా ఉండుటచే ఆ దేశపు పెద్ద నగరములలో అంతస్తులకు అంతస్తులు ఖాళీపడినవి. అదే సమయమున, 2022 మార్చి నుండి 2023 జూలై లోపల, అచ్చటి కేంద్రబ్యాంకు వడ్డీరేటును దాదాపు సున్న నుండి నూటికి అయిదు దాటించినది. అప్పు తెచ్చి మేడలు కొన్నవారికి ఒకవైపు అద్దె తగ్గెను, ఒకవైపు వడ్డీ పెరిగెను. లాస్ ఏంజెలెస్ నగరమున ఏయాన్ సెంటర్ అను అరువదిరెండంతస్తుల మేడ కలదు. దానిని 2014లో సుమారు 26 కోట్ల 85 లక్షల డాలర్లకు కొనిరి. 2023లో సుమారు 14 కోట్ల 78 లక్షలకు అమ్మిరి. మేడ కూలలేదు, కాలలేదు. వెల మాత్రము దాదాపు సగమునకు దిగెను.

ఇది యెట్లు జరుగునో వంటింటి లెక్కతో చెప్పవచ్చును. ఒక దుకాణము ఏడాదికి ఎనిమిది లక్షల అద్దె తెచ్చుననుకొందము. నూటికి ఎనిమిది చాలునని కొనువారు తృప్తిపడిన నాడు దాని వెల కోటి రూపాయలు. బ్యాంకులో వడ్డీ పెరిగి, నూటికి పది వచ్చిననే కొందుమని వారనిన నాడు అదే దుకాణము ఎనుబది లక్షలకు దిగును. అందు సగము ఖాళీపడి అద్దె నాలుగు లక్షలైనచో వెల నలుబది లక్షలే. కావున ఇట్టి మేడ విలువ సున్నములోను ఇనుములోను లేదు. అద్దె యిచ్చువానిలో కలదు.

అమెరికాలో సొమ్ము ఇప్పుడు వేరుదారులు వెదకుచున్నది. న్యూయార్కు నగరమున వాటర్ వీధి 25వ నంబరు కార్యాలయపు మేడను సుమారు 1,300 నివాసములుగా మార్చిరి. ఇంటినుండియే సరకులు తెప్పించుకొను అలవాటు హెచ్చుటచే గిడ్డంగులకు గిరాకి కలిగినది. కంప్యూటర్ల సమాచారమును నిలువచేయు డేటా కేంద్రములకు వర్జీనియా ప్రాంతము పేరొందెను. హైదరాబాదు స్థితి అమెరికా వంటిది కాదు. 1998లో సైబర్ టవర్స్ ఆరంభమైన నాటి నుండి మాదాపురము వైపు కార్యాలయములు పెరుగుచునే వచ్చినవి. ఐనను లెక్క మాత్రము రెండు చోట్లను ఒక్కటియే.

చిన్న సొమ్ము గలవారికి చట్టబద్ధమగు మార్గమును లేకపోలేదు. రీట్ అను ట్రస్టుల పద్ధతి అమెరికాలో 1960లో పుట్టినది. మన దేశమున సెబీ సంస్థ 2014లో దానికి నియమములు చేసినది. వాని ఆస్తిలో నూటికి ఎనుబది పాళ్లు కట్టుట ముగిసి అద్దె తెచ్చుచున్నవై యుండవలె. పంచదగిన రాబడిలో నూటికి తొంబది పాళ్లు భాగస్థులకు పంచవలె. హైదరాబాదు మేడలు గల మైండ్‌స్పేస్ రీట్ 2020లో షేర్ బజారునకు వచ్చినది. వీని వెలయు హెచ్చుచు తగ్గుచుండును. ఐనను లెక్కలు నలుగురి యెదుట నుండును.

మా బంధువు తెచ్చిన కరపత్రము ఇట్టిది కాదు. మయసభలో దుర్యోధనుడు నీటిని నేలయని భ్రమించి పడెను; ఈ కాగితమున మేడయే లేదు, అద్దె మాత్రము కలదు. మేము ఆయనను మూడే ప్రశ్నలడిగితిమి. నేల పత్రములేవి? తరువాత చూపుదురట. రెరా రిజిస్ట్రేషను సంఖ్య యేది? అదియు తరువాతనే. 2016వ సంవత్సరపు రెరా చట్టము ప్రకారము ఇట్టి పెద్ద కట్టడమును ఆ రిజిస్ట్రేషనునకు ముందు ప్రకటించుటయు అమ్ముటయు కూడదు. “సరే, మేడ లేచువరకు నెలనెల మాకిచ్చు అద్దె యెవ్వరి సొమ్ము?” అని అడుగగా ఆయన మాటాడలేదు. అది మన సొమ్మే కావలె, లేదా మన తరువాత కట్టినవారి సొమ్ము కావలె.

మా వారు రెండు దినములు ఆలోచించి సొమ్ము కదల్పలేదు. ఆ దసరాకు మా మరిది మా గడప త్రొక్కలేదు; పెండ్లిలో కనబడియు పలుకరింపలేదు. చుట్టరికము చెడుట చిన్న నష్టము కాదు. ఐనను బిడ్డ చదువు ఆ చుట్టరికమునకు మూల్యము కారాదని మేము ఓర్చుకొంటిమి. కొన్ని మాసములకు ఆయన భార్య మాకు ఫోను చేసి, “అక్కా! నా గొలుసు కుదువపెట్టి అందులో కట్టినారు. ఆ ప్రశ్నలు నాకును వ్రాసి పంపుము” అని కోరినది. ఆమెకు వ్రాసిన వానినే ఇచ్చట వ్రాయుచున్నాము.

నేల యెవ్వరిది? రిజిస్ట్రేషను కలదా? అద్దె యిచ్చువారెవ్వరు, ఎన్నేండ్లకు ఒప్పుకొనిరి? వారు లేచిపోయిన మరునాడు ఎవ్వరు వత్తురు? మనకు సొమ్ము కావలసిన నాడు ఎవ్వరు కొందురు? వీనికి కాగితము మీద జవాబు దొరకనంతవరకు, సోదరీమణులారా, మీ పెట్టె తాళము మీ కొంగుననే యుండనిండు.