చదువు, చదవండి

మార్చి 3, 2025, సోమవారం
రాత్రి ఎనిమిదిన్నర. మెక్సికో సిటీలో ఇప్పుడు పొద్దున తొమ్మిది. మైండ్‌స్పేస్‌లో మా ఆఫీసు ఫ్లోరంతా ఇంకా కాల్స్‌లోనే ఉంది. అవతల ఒక పెద్దాయన ఇన్‌వాయిస్ నంబరు చదివారు. సరిగా వినపడక స్పానిష్‌లో 'రెపీతె' అన్నాను. 'మళ్లీ చెప్పు' అని దాని అర్థం. నేను అనాల్సింది 'రెపీత', అంటే 'మళ్లీ చెప్పండి'. ఆయన ఏమీ అనుకున్నట్టు లేదు, నెమ్మదిగా మళ్లీ చదివారు. కానీ మా తాతయ్యని ఎవరైనా 'చెప్పు' అంటే నేను ఊరుకోను. క్యాబ్‌లో ఇంటికి వచ్చేదాకా మనసు అక్కడే ఉంది.

మార్చి 5, బుధవారం
తప్పు ఎక్కడ పుట్టిందో దొరికింది. 'సెర్రార్' అంటే మూయడం. చనువుగా 'సియెర్ర', గౌరవంగా 'సియెర్రె'. 'రెపెతీర్' వర్గంలో ఇది తిరగబడుతుంది: చనువుకు 'ఎ', గౌరవానికి 'అ'. ఆర్‌తో ముగిసే క్రియలకు ఒక దారి, ఎర్, ఈర్‌లతో ముగిసేవాటికి దానికి ఎదురు దారి. నేను మొదటిదాన్ని బట్టీ పట్టి రెండోదాని మీద రుద్దాను.

ఇవన్నీ నోట్‌బుక్‌లో తెలుగు లిపిలోనే రాసుకుంటున్నాను. స్పానిష్ 'త', 'ద'లు పళ్లకు నాలుక ఆనించి పలికేవి. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే నా నోరు 'ట', 'డ' వైపు పోతోంది. తెలుగులో రాస్తే పోవడం లేదు.

మార్చి 8, శనివారం
తార్నాక వెళ్లాను. ఇఫ్లూలో స్పానిష్ చదివిన స్నేహితురాలిని కలిశాను. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పుట్టిన సంస్థ అది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది.

'దొర్మీర్ ఎందుకు దుయెర్మె అవుతుంది?' అని అడిగాను. 'ఊనిక ఎక్కడ పడుతోందో విను' అంది. ఊనిక అంటే పలుకులో పడే బరువు. లాటిన్‌లో ఊనిక పడ్డ హ్రస్వ 'ఒ', 'ఎ'లు స్పానిష్‌లో చీలిపోయాయి. తలుపు అనే 'పొర్త' 'పుయెర్త' అయింది, నేల అనే 'తెర్ర' 'తియెర్ర' అయింది. క్రియలోనూ అంతే. నిద్రపోవడం అనే 'దొర్మీర్'లో బరువు చివర ఉంది కాబట్టి 'దొ' కదలదు. 'నిద్రపో' అన్నప్పుడు బరువు ముందుకొస్తుంది, అప్పుడది 'దుయెర్మె'. స్పెయిన్‌లో చనువున్న నలుగురితో 'నిద్రపోండి' అనాలంటే 'దొర్మీద్'. బరువు మళ్లీ చివరికి పోయింది, 'దొ' మళ్లీ వచ్చింది. మెక్సికోలో ఎంతమంది ఉన్నా 'దుయెర్మన్' అంటారు.

అడగడం అనే 'పెదీర్' నుంచి 'పీదె' వచ్చే దారి వేరు. 'ఎ' చీలదు, 'ఇ' అవుతుంది. ఈర్‌తో ముగిసే క్రియల్లోనే ఇది కనిపిస్తుంది. నా 'రెపీతె' ఈ గుంపులోదే.

మార్చి 11, మంగళవారం
కొత్తగూడలో మా పక్క ఫ్లాట్ తలుపు తెరిచే ఉంది. లోపల కోడలు కొడుకుతో అంటోంది: 'పాఠం చదువు.' ఆ వెంటనే పేపరు పట్టుకుని కూర్చున్న అత్తగారితో: 'మీరు పైకే చదవండి అత్తయ్యా, నేనూ వింటాను.'

చెప్పుల్లో కాళ్లు పెట్టబోతూ ఆగిపోయాను. చదువు, చదవండి. 'చదువండి' అనలేదావిడ. మధ్యలో ఉన్న 'ఉ' కాస్తా 'అ' అయింది.

రాయదుర్గం స్టేషన్‌లో రైలు వచ్చేలోపు ఫోన్‌లో రాసుకున్నవి: అడుగు, అడగండి. వెతుకు, వెతకండి. కలుపు, కలపండి. తెరువు, తెరవండి. తిరుగు, తిరగండి. 'అండి'లోని 'అ' తన ముందున్న 'ఉ'ని తనలా మార్చేసుకుంటోంది. స్పానిష్‌లో ఆ పని ఊనిక చేస్తే మనకు పక్క అచ్చు చేస్తోంది. కారణం వేరు, ఫలితం ఒకటే: క్రియ నడుమ మారుతుంది. ఇది నాకు బళ్లో ఎవరూ నేర్పలేదు. అయినా ఒక్కసారి కూడా తప్పలేదు.

మార్చి 14, శుక్రవారం
రోజూ నోట్లో నానే క్రియలు రెండు భాషల్లోనూ నియమానికి లొంగవు. 'బెనీర్' అంటే రావడం. 'వస్తాడు'కి 'బియెనె' అంటారు, 'రా' అనడానికి మాత్రం పొట్టిగా 'బెన్'. చెప్పడానికి 'ది', పెట్టడానికి 'పొన్'. మనకు 'వచ్చు' పోయి 'రా' వస్తుంది, 'తెచ్చు' పోయి 'తే' వస్తుంది. 1840లో బ్రౌన్ తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చువేశారు. బ్రౌన్ పుస్తకంతో తెలుగు నేర్చుకున్న దొరలకు 'వచ్చు', 'రా' ఒకే క్రియ అని నమ్మడానికి ఎంత కష్టమై ఉంటుందో! నా కష్టం వాళ్లకంటే తక్కువే.

మార్చి 19, బుధవారం
వంటింట్లో ఒక్కదాన్నే గట్టిగా అనుకుంటూ తిరిగాను. కూర్చో: 'సియెంతతె'. కూర్చోండి: 'సియెంతెసె'. నిద్రపో: 'దుయెర్మె'. నిద్రపోండి: 'దుయెర్మ'. ఎదురుగా ఒక మనిషిని ఊహించుకుంటే మాట సరిగ్గా వస్తోంది. పట్టికలో గడిని ఊహించుకుంటే తడబడుతున్నాను. చెల్లెలికి చనువు మాట, తాతయ్యకు గౌరవం మాట. ఇక ఎప్పుడూ అలాగే చదవాలి.

మార్చి 24, సోమవారం
మళ్లీ అదే పెద్దాయన, మళ్లీ ఒక నంబరు. 'రెపీత, పొర్ ఫవోర్' అన్నాను. తాతయ్య ముఖం కళ్లముందు పెట్టుకునే అన్నాను.

కాల్ అయ్యాక, ఈ వారమే చేరిన అమ్మాయి వచ్చి ఆజ్ఞార్థకాల పట్టిక ఉంటే ఇమ్మని అడిగింది. ఇచ్చాను. కానీ దాని పైన నా చేత్తో నాలుగు తెలుగు జంటలు రాసి ఇచ్చాను. స్పానిష్ మొదలుపెట్టే తెలుగువాళ్లందరికీ చెప్పేది ఇదే: పట్టిక తెరిచే ముందు ఒక సాయంత్రం మీ ఇంటి మాటలు వినండి. పిల్లలతో ఏమంటున్నారో, పెద్దలతో ఏమంటున్నారో పక్కపక్కన రాసుకోండి. ఆ తర్వాత స్పానిష్ చదవండి.