మూడో కన్నం వెనక తీగ ఉందా?

ఉరుము ఉరిమితే అర్జునుడి పేర్లు చదవడం మన తెలుగువాళ్ళకి చిన్నప్పటి నుంచి అలవాటు. బస్తర్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళు కూడా ఈ అలవాటు వదులుకోలేదు. ఆ పేర్లు వింటే పిడుగు దారి మళ్ళుతుందని ఎవరైనా పరీక్షించి చూశారా? లేదు. యూరప్‌లో కూడా పిడుగులు పడకుండా చర్చి గంటలు మోగించేవాళ్ళు. 1769లో ఇటలీలోని బ్రెషియాలో మందుగుండు దాచిన చోటే పిడుగు పడి, అది పేలి వందల మంది చచ్చిపోయారు. పిడుగుకి భక్తులు, నాస్తికులు అనే తేడా లేదు.

అయితే ఈ ప్రశ్న భక్తులని మాత్రమే అడిగితే చాలదు. హేతువాదులమని చెప్పుకునే మన ఇళ్ళల్లో కూడా పరీక్షించకుండా నమ్మే వస్తువులు ఉన్నాయి. ఇంటర్నెట్ పెట్టె పక్కన ఉండే త్రీ పిన్ సాకెట్ అలాంటిదే.

నేను చదివింది బి.కామ్. రక్షణ శాఖ లెక్కల విభాగంలో పని చేసి రిటైర్ అయ్యాను. ఎలక్ట్రికల్ ఇంజనీర్‌ని కాను. కానీ ఆడిట్‌లో ఒక సూత్రం ఉంది. స్టాకు రిజిస్టర్‌లో సరుకు ఉందని రాసి ఉంటే సరిపోదు, గోడౌన్‌కి వెళ్ళి కళ్ళతో చూసి లెక్క పెట్టాలి.

2018 ఏప్రిల్ 14న బిజాపూర్ జిల్లా జాంగ్లాలో బస్తర్ ఇంటర్నెట్ పథకం తొలి దశ ప్రారంభించారు. ఏడు జిల్లాలకి ఫైబర్ కేబుల్ వేసే పథకం అది. ఈ మధ్య జగదల్‌పూర్‌లో మా వీధిలో కూడా ఇంటింటికీ ఫైబర్ వచ్చింది. కిందటి వానాకాలం పక్కింటి కుర్రాడు నా దగ్గరికి వచ్చి "అంకుల్, రౌటర్ వైరు తగిలిద్దామని కంప్యూటర్ డబ్బా పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది" అన్నాడు. "ఎర్త్ ఉందా?" అని అడిగాను. "త్రీ పిన్ సాకెట్టే కదండీ, ఉండే ఉంటుంది" అన్నాడు. అర్జునుడి పేర్లకీ, ఈ "ఉండే ఉంటుంది"కీ నాకు తేడా కనిపించలేదు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాం. అతను టెస్ట్ ల్యాంప్ తీసుకుని ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే బల్బు వెలిగింది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెడితే వెలగలేదు. బోర్డు విప్పి చూస్తే మూడో కన్నం వెనక తీగే లేదు. రిజిస్టర్‌లో సరుకు ఉంది, గోడౌన్ ఖాళీ!

జివ్వుమనడంలో మాయ ఏమీ లేదు. కంప్యూటర్ పవర్ సప్లైలో ఫేజ్ నుంచి డబ్బాకి, న్యూట్రల్ నుంచి డబ్బాకి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే డబ్బా మీద సుమారు సగం వోల్టేజ్, అంటే 115 వోల్టుల దాకా నిలబడుతుంది. ఆ లీకేజీ చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంది. లోపల ఫేజ్ తీగ తెగి డబ్బాకి తగిలి ఉంటే, తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడిన ఆ కుర్రాడి పరిస్థితి ఏమిటి?

ఎలక్ట్రీషియన్ సులువు దారి ఒకటి చెప్పాడు: సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేద్దామని. నేను ఒప్పుకోలేదు. అలా కలిపాక బయట న్యూట్రల్ తెగితే ఇంట్లో ఎర్త్ కలిపిన ప్రతి ఇనప డబ్బా మీదకీ కరెంట్ వస్తుంది. చివరికి పెరట్లో గొయ్యి తీసి, పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి, అక్కడి నుంచి బోర్డు దాకా తీగ లాగారు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించారు. కుర్రాడి చెయ్యి జివ్వుమనడం మానేసింది.

"మాది ఫైబర్, పిడుగు భయం లేదు" అనేవాళ్ళు కూడా ఉన్నారు. గాజు పోగులో కరెంట్ పారదన్నది నిజమే. కానీ ఇంట్లోకి వచ్చే ఫైబర్ కేబుల్‌లో చాలా చోట్ల బలం కోసం ఉక్కు తీగ ఉంటుంది. రౌటర్ అడాప్టర్ ఎలాగూ కరెంట్ లైన్‌కే తగిలించి ఉంటుంది. ఎంసీబీ ఉన్నది ఓవర్‌లోడ్‌కీ షార్ట్ సర్క్యూట్‌కీ. పిడుగు పోటు మైక్రో సెకన్లలో వచ్చి పోతుంది, దాన్ని ఎంసీబీ గానీ స్టెబిలైజర్ గానీ ఆపలేవు. స్పైక్ గార్డ్ ఆ పోటుని భూమిలోకి మళ్ళించాలన్నా ఎర్త్ కావాలి. నెత్తి మీద పిడుగు పడితే అదీ చాలదు. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవక ముందే ప్లగ్గులు పీకెయ్యడం ఒక్కటే నమ్మకమైన పద్ధతి. ఉరుములు మొదలయ్యాక ప్లగ్గు ముట్టుకోకూడదు. చేతిలోని మొబైల్ పిడుగుని ఆకర్షిస్తుందనేది మాత్రం అపోహ. ప్రమాదమంతా గోడకి కలిసిన తీగతోనే.

మన దేశంలో పిడుగుల వల్ల ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో పిడుగు తగిలినవాళ్ళని పేడలో పాతిపెట్టిన సంఘటనలు పత్రికల్లో వచ్చాయి. పేడ కరెంట్‌ని లాగేస్తుందని వాళ్ళ నమ్మకం. కానీ పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంట్ నిలవ ఉండదు. వెంటనే ముట్టుకోవచ్చు. గుండె ఆగితే ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చెయ్యాలి. ఇంట్లో కరెంట్ షాక్ అలా కాదు. ముందు మెయిన్ ఆపాలి, తరవాతే మనిషిని ముట్టుకోవాలి.

పేడని నమ్మినవాళ్ళని చూసి నవ్వే ముందు మీ ఇంట్లో మూడో కన్నం వెనక తీగ ఉందో లేదో పరీక్ష చేయించండి. పరీక్షించని ఎర్త్ కూడా మూఢ నమ్మకమే.